సీహెచ్‌సీ క్యాజువాలిటీని పిల్లల కోసం సిద్ధం చేయడం ఎలా

ఈ రాత్రి డ్యూటీ ఎక్కగానే ఒక పని చేయండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, క్యాజువాలిటీ నర్సును మూడు వస్తువులు తెచ్చివ్వమని అడగండి. 8 కిలోల పాపకు సరిపోయే అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), మాస్క్. 24 గేజ్ కాన్యులా (నరంలో పెట్టే సన్నని గొట్టం). గ్లూకోమీటర్, దానికి సరిపోయే స్ట్రిప్‌తో సహా. మూడూ నిమిషంలో చేతికొస్తే మీ ఆసుపత్రి చాలావాటికంటే నయం. మామూలుగా జరిగేది వేరు: చిన్న మాస్క్ లేబర్ రూమ్‌లో ఉంటుంది, గ్లూకోమీటర్ షుగర్ పేషెంట్ల ఓపీ గదిలో ఉంటుంది, ఆ గది తాళం పగటి డ్యూటీ సిస్టర్ దగ్గర ఉంటుంది.

30 పడకల సీహెచ్‌సీలో (సామాజిక ఆరోగ్య కేంద్రంలో) వెంటిలేటర్ లేకపోవడం కన్నా ఇదే పెద్ద లోటు. ఫిట్స్‌తోనో, విరేచనాలతో వాడిపోయో వచ్చిన బిడ్డకు మొదటి పది నిమిషాల్లో కావాల్సినవన్నీ మీ స్టోరులో ఉన్నవే. అవి బిడ్డ బరువు ప్రకారం కొలిచి, అందే చోట పెట్టి ఉండవు, అంతే. పిల్లల డాక్టరు పోస్టు నిండి ఉన్నా రాత్రి రెండు గంటలకు అక్కడ ఉండేది ఒక డ్యూటీ డాక్టరు, ఒక నర్సు. కాబట్టి ఏర్పాటంతా ఆ ఇద్దరి చేతుల కోసమే చేయండి.

ముందు ఒక మనిషిని పెట్టండి

పిల్లల ఎమర్జెన్సీ మూల ఎవరి బాధ్యతో పేరుతో సహా డ్యూటీ చార్టులో రాయండి. ఒక స్టాఫ్ నర్సు చాలు. "అందరి బాధ్యత" అని వదిలేస్తే మూడో నెలకల్లా ట్రేలోని చిన్న కాన్యులాలు వార్డులోకి వెళ్లిపోతాయి. స్ట్రిప్‌లకు, చిన్న మాస్క్‌లకు ఇండెంట్ (కావాలని స్టోరుకు రాసే చీటీ) పెట్టడం, ప్రతి షిఫ్ట్‌లో తనిఖీ జరిగిందో లేదో చూడటం, నెలకోసారి మాక్ డ్రిల్ చేయించడం ఆమె పని. సూపరింటెండెంట్ గారు ఆమెకు ఇవ్వాల్సింది స్టోర్ ఫార్మసిస్టును నేరుగా అడిగే అధికారం.

గేటు దగ్గరే ఏరడం

ఓపీ చీటీ కోసం వరుసలో నిల్చున్న తల్లి చేతిలో బిడ్డ షాక్‌లోకి (రక్త ప్రసరణ పడిపోయే స్థితిలోకి) జారిపోవడం చాలా ఆసుపత్రుల్లో జరిగేదే. ఏరే పని డాక్టరు గది ముందు మొదలైతే ఆలస్యమైనట్టే. చీటీ రాసే మనిషికి, సెక్యూరిటీకి, వార్డు బాయ్‌కి గుర్తులు నేర్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో తెచ్చి, 2016లో సవరించిన ఈటాట్ (ఎమర్జెన్సీ ఉన్న పిల్లలను ఏరి, వెంటనే చికిత్స మొదలుపెట్టే) పద్ధతి ఇందుకోసం తయారైనదే.

చదువురాని వాళ్లకూ అర్థమయ్యేలా ఎర్ర గుర్తులు ఇలా చెప్పండి: ఊపిరి ఆడటం లేదు, లేదా గొంతులో అడ్డుపడినట్టు శబ్దం వస్తోంది. నాలుక, పెదాలు నీలంగా ఉన్నాయి. డొక్కలు ఎగరేస్తూ పాలు కూడా తాగలేకపోతోంది. ఫిట్స్ వస్తున్నాయి. పిలిచినా గిల్లినా పలకడం లేదు. చేతులు, కాళ్లు చల్లబడ్డాయి. విరేచనాలతో కళ్లు లోతుకు పోయి తోటకూర కాడలా వాలిపోయింది. ఇందులో ఏ ఒక్కటున్నా చీటీ లేకుండా లోపలికి తీసుకెళ్లాలి. చీటీ తండ్రో, తాతో తర్వాత రాయించుకుంటారు.

నర్సు చూసేవి ఇంకో రెండు. గోరు 3 సెకన్లు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 3 సెకన్లు దాటడం, దానితోపాటు నాడి వేగంగా, సన్నగా కొట్టుకోవడం. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే 2 సెకన్లు దాటినా మడత పోకపోవడం. ఇవన్నీ కలిపి నిమిషంలో అయిపోవాలి. బీపీ కోసం ఆగకండి. పిల్లల్లో బీపీ పడిపోయేది చివర్లో. "బీపీ నార్మల్" అని కేస్ షీట్‌లో రాసుకున్న బిడ్డే అరగంటలో చేజారిపోతుంది.

రెండు నెలల లోపు పసికందు, బాగా పాలిపోయిన బిడ్డ, విషం తాగిన బిడ్డ, కాలిన గాయాలు, రెండు పాదాల్లో వాపు, బాగా చిక్కిపోయిన బిడ్డ, ఇంకో ఆసుపత్రి నుంచి రిఫర్ అయి వచ్చిన బిడ్డ: వీళ్లను వరుసలో ముందుకు తేవాలి.

బరువు, దాని పక్కనే మి.లీ. చార్టు

క్యాజువాలిటీ తలుపు పక్కనే కాటా ఉండాలి. పసిపిల్లలకు పళ్లెం కాటా. నిలబడలేని పెద్ద పిల్లను తల్లితో కలిపి తూచి, తల్లి బరువు తీసేయండి. తూచే వీలే లేకపోతే తల్లీబిడ్డల రక్షణ కార్డులో చివరిసారి రాసిన బరువు చూడండి. వయసును బట్టి లెక్కకట్టే సూత్రం (ఏడాది దాటిన వాళ్లకు, వయసు రెండింతలు చేసి 8 కలపడం) చివరి దిక్కు; మన పల్లెటూరి పిల్లల్లో చాలామందికి అది అసలు బరువు కన్నా ఎక్కువే చూపిస్తుంది. పొడవును బట్టి బరువు చెప్పే విదేశీ కొలత టేపులకూ ఇదే జబ్బు.

ఇప్పుడు చార్టు. 3, 5, 8, 10, 12, 15, 20, 25, 30 కిలోలకు ఒక్కో వరుస. ప్రతి మందుకూ మి.గ్రా. వదిలేసి, మీ స్టోరులో ఇప్పుడున్న ఆంపూల్ ప్రకారం ఎన్ని మి.లీ. లాగాలో రాయండి. కంగారులో గుణించడం ఎవరికైనా తప్పుతుంది, దశాంశం ఒక్క స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది. 10 కిలోల వరుస ఇలా వస్తుంది:

- గుండె ఆగితే: 1 మి.గ్రా./మి.లీ. అడ్రినలిన్ 1 మి.లీ.కి 9 మి.లీ. సెలైన్ కలిపి, అందులో 1 మి.లీ. నరంలోకి.
- అనాఫిలాక్సిస్ (ప్రాణాంతకమైన అలర్జీ): అదే అడ్రినలిన్, కలపకుండా, 0.1 మి.లీ. తొడ కండలోకి.
- ఫిట్స్, ముక్కు ద్వారా: 5 మి.గ్రా./మి.లీ. మిడజోలం 0.4 మి.లీ., ఒక్కో ముక్కు రంధ్రంలో 0.2.
- షుగర్ పడిపోతే: 10 శాతం డెక్స్‌ట్రోజ్ 50 మి.లీ.
- ఫెనిటాయిన్ (2 మి.లీ.లో 100 మి.గ్రా. ఉన్నది): 4 మి.లీ., సెలైన్‌లో కలిపి 20 నిమిషాల్లో.
- సెఫ్ట్రియాక్సోన్ (1 గ్రాము, 10 మి.లీ.లో కలిపినది): 8 మి.లీ.

కంపెనీ మారి ఆంపూల్ గాఢత మారిందంటే ఆ వరుస తప్పైపోయినట్టే. అందుకే స్టోర్ నుంచి కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా చార్టుతో పోల్చి చూడండి. మిడజోలం దగ్గర మరీ జాగ్రత్త. మార్కెట్లో 1 మి.గ్రా./మి.లీ. వైల్ ఉంది, 5 మి.గ్రా./మి.లీ. ఆంపూల్ ఉంది. రెండూ ఒకే ట్రేలో పెట్టొద్దు. మొదటిది ముక్కులో వేస్తే 2 మి.లీ. పట్టాలి, అది గొంతులోకి కారిపోతుంది. రెండోదాన్ని మొదటిదనుకుని నరంలోకి ఎక్కిస్తే ఊపిరి ఆగుతుంది. గోడకు అంటించే ముందు మీ పిల్లల డాక్టరు చేతో, లేకపోతే జిల్లా ఆసుపత్రి పిల్లల డాక్టరు చేతో చార్టుపై సంతకం పెట్టించండి.

ట్రేలో ఏముండాలి

అంబు బ్యాగులు 250 మి.లీ., 500 మి.లీ., రెంటికీ ఆక్సిజన్ రిజర్వాయర్. మాస్క్‌లు 0, 1, 2. ముక్కు మీద నుంచి గడ్డం దాకా మూయాలి, కళ్లను నొక్కకూడదు. నాసల్ ప్రాంగ్స్ (ముక్కులో పెట్టే ఆక్సిజన్ గొట్టాలు) మూడు సైజులు. కాన్యులా 22, 24, 26. సక్షన్ కాథెటర్ 6, 8, 10. 1, 2, 5, 50 మి.లీ. సిరంజీలు, త్రీవే (మూడు దారుల కుళాయి), బ్యూరెట్ సెట్ (సెలైన్‌ను కొలిచి ఇచ్చే గొట్టం). పల్స్ ఆక్సీమీటర్‌కు పిల్లల ప్రోబ్. పెద్దవాళ్ల క్లిప్ పసివేలికి జారిపోయి తప్పుడు అంకె చూపిస్తుంది. గ్లూకోమీటర్. ఎముకలోకి సూది, 18 గేజ్ ఐఓ లేదా బోన్ మారో నీడిల్.

ఆ చివరిదాన్ని ఎవరూ వాడరు, అదే చిక్కు. షాక్‌లో ఉన్న బిడ్డకు రెండు ప్రయత్నాల్లో నరం దొరక్కపోతే మూడోది వెతకొద్దు. మోకాలి కింద ఎముక బొడిపె నుంచి 1–2 సెం.మీ. కిందకు, లోపలి వైపు చదునుగా ఉన్న చోట, ఎముకకు నిటారుగా తిప్పుతూ దించండి. ఒక్కసారి గుల్లలోకి జారినట్టు తెలుస్తుంది. సెలైన్ వేసి చూడండి, కాలి వెనక ఉబ్బకపోతే సరిగ్గా పడినట్టే. కోడి కాలి ఎముక మీద అరగంట సాధన చేస్తే భయం పోతుంది.

ట్రేను ప్లాస్టర్‌తో మూసి, తేదీ వేసి, సంతకం పెట్టండి. సీల్ ఉంటే లోపల అన్నీ ఉన్నట్టు, చిరిగి ఉంటే సరిచూడాల్సినట్టు. ప్రతి షిఫ్ట్‌లో సీల్ విప్పకుండా చూసేవి మూడే: సక్షన్ వేస్తే లాగుతోందా, సిలిండర్‌లో ఎంతుంది, సిలిండర్ తిప్పే తాళం అక్కడే వేలాడుతోందా. అంబు బ్యాగ్‌ను వారానికోసారి తీసి, బిడ్డ వైపు రంధ్రం అరచేత్తో మూసి నొక్కండి. నొక్కుకుపోకపోతే బాగున్నట్టు. సులువుగా నొక్కుకుపోయిందంటే ఎక్కడో గాలి పోతోంది.

ఆక్సిజన్ లెక్క

పసికందులకు ప్రాంగ్స్ ద్వారా నిమిషానికి 0.5–1 లీటరు, ఏడాది లోపు పిల్లలకు 1–2, పెద్ద పిల్లలకు 1–4. ఎర్ర గుర్తు ఉన్నంతసేపు ఆక్సీమీటర్ అంకెను 94 శాతం పైన, కుదుటపడ్డాక 90 పైన ఉంచండి. రిజర్వాయర్ మాస్క్ పెడితే 10 లీటర్లకు తగ్గకూడదు, సంచి ఉబ్బి ఉండాలి.

బి టైపు సిలిండర్ నిండుగా ఉంటే గేజ్ 150 చూపిస్తుంది, అందులో సుమారు 1500 లీటర్లు. కాబట్టి గేజ్ అంకెను 10తో గుణిస్తే మిగిలిన లీటర్లు. 60 చూపిస్తే 600 లీటర్లు: 2 లీటర్లతో 5 గంటలు, 10 లీటర్లతో ఒక గంట. ఈ లెక్క సిలిండర్ మీదే మార్కర్‌తో రాసి పెట్టండి.

ఫిట్స్ వస్తున్న బిడ్డ

గడియారం చూసి సమయం బిగ్గరగా చెప్పండి. బిడ్డను పక్కకు తిప్పండి, నోట్లో చెంచా కానీ వేలు కానీ పెట్టొద్దు, నురగ తీయండి, ఆక్సిజన్ పెట్టండి. వెంటనే షుగర్ చూడండి. 45 మి.గ్రా./డె.లీ. కన్నా తక్కువుంటే, బాగా చిక్కిన బిడ్డకైతే 54 కన్నా తక్కువుంటే, 10 శాతం డెక్స్‌ట్రోజ్ కిలోకు 5 మి.లీ. స్ట్రిప్ లేకపోతే తక్కువే ఉందనుకుని ఇచ్చేయండి. 10 శాతం బాటిల్ లేదా? 25 శాతం డెక్స్‌ట్రోజ్ 20 మి.లీ.లో స్టెరైల్ వాటర్ 30 మి.లీ. కలిపితే 50 మి.లీ. తయారు. 25 శాతాన్ని అలాగే చిన్న నరంలోకి ఎక్కిస్తే నరం మాడిపోతుంది.

5 నిమిషాలు దాటినా, వచ్చేటప్పటికే ఫిట్స్‌లో ఉన్నా, నరం కోసం ఆగకుండా ముక్కులో మిడజోలం, కిలోకు 0.2 మి.గ్రా. 5 నిమిషాల్లో తగ్గకపోతే రెండో మోతాదు. అంతకుమించి ఆ జాతి మందు (మిడజోలం, డయాజిపామ్ లాంటిది) వద్దు. ఫెనిటాయిన్ కిలోకు 20 మి.గ్రా. లేదా లెవెటిరాసిటమ్ కిలోకు 40 మి.గ్రా.కి వెళ్లండి. ఫెనిటాయిన్‌ను డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే గడ్డకడుతుంది, సెలైన్‌లోనే కలపాలి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక డయాజిపామ్ ఇచ్చి ఉంటాడు, 108లో ఇంకోటి పడి ఉంటుంది. మనం "మొదటి మోతాదు" అనుకునేది మూడోది అవుతుంది. "దారిలో ఎవరైనా సూది వేశారా?" అని తల్లిని తిట్టకుండా అడగండి, తిడితే దాచేస్తారు. అంబు బ్యాగ్ బిడ్డ తల దగ్గరే ఉండాలి.

జ్వరం లేకుండా హఠాత్తుగా ఫిట్స్ వచ్చిన రెండు మూడేళ్ల బిడ్డ నోరు వాసన చూడండి. పూజగదిలోని కర్పూరం బిళ్లలు మింగి ఉండొచ్చు. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో అయితే జ్వరంతో ఫిట్స్ వచ్చిన ప్రతి బిడ్డకూ మలేరియా ఆర్‌డీటీ (అక్కడికక్కడే తేలే రక్త పరీక్ష) చేయాల్సిందే. పాజిటివ్ అయితే ఆర్టెసునేట్ మొదటి మోతాదు ఇచ్చాకే రిఫర్: 20 కిలోల లోపు కిలోకు 3 మి.గ్రా., ఆపైన 2.4.

సెలైన్: ఎవరికి ఎంత, ఎంతసేపట్లో

పెద్దవాళ్లకు వేలాడదీసినట్టు 500 మి.లీ. బాటిల్ తగిలించి పక్క పేషెంటు దగ్గరకు వెళ్లిపోవడం చాలా ప్రమాదం. 6 కిలోల బిడ్డకు అది కిలోకు 80 మి.లీ. పైమాటే. బ్యూరెట్ లేకపోతే ఇవ్వాల్సినంతే బాటిల్‌లో ఉంచి, మిగిలింది సిరంజీతో ముందే తీసి పారేయండి. లేదా త్రీవే పెట్టి 50 మి.లీ. సిరంజీతో లెక్కబెట్టి ఇవ్వండి.

విరేచనాలతో తీవ్రంగా వాడిపోయిన బిడ్డకు ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) కిలోకు 100 మి.లీ. ఏడాది లోపైతే మొదటి 30 ఒక గంటలో, మిగతా 70 ఐదు గంటల్లో. ఏడాది దాటితే 30 అరగంటలో, 70 రెండున్నర గంటల్లో. తొమ్మిది నెలల, 8 కిలోల బిడ్డ అనుకోండి: మొదటి గంటలో 240, తర్వాత 560 మి.లీ. 20 చుక్కలకు ఒక మి.లీ. పడే మామూలు సెట్‌తో అది నిమిషానికి 80 చుక్కలు, తర్వాత 37. బిడ్డ మింగగలిగిన క్షణం నుంచి ఓఆర్‌ఎస్ కూడా, గంటకు కిలోకు 5 మి.లీ.

విరేచనాలు లేని షాక్ వేరే కథ. 2011లో ఫలితాలు వెలువడిన, ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో మూడు వేలకు పైగా పిల్లల మీద జరిగిన ఫీస్ట్ పరిశోధనలో, జ్వరంతో షాక్‌లో ఉన్న పిల్లలకు వేగంగా సెలైన్ ఎక్కించినప్పుడే మరణాలు పెరిగాయి. ఐసీయూ వెనక లేని చోట ఈ పాఠం మనకు నేరుగా వర్తిస్తుంది. చల్లటి చేతులు, ఆలస్యంగా వచ్చే గోరు రంగు, సన్నని వేగమైన నాడి మూడూ ఉంటేనే కిలోకు 10–20 మి.లీ., 30 నుంచి 60 నిమిషాల్లో. ప్రతి 10 మి.లీ./కిలో తర్వాత ఆగి ఊపిరి లెక్కపెట్టండి, కాలేయం తడమండి. ఊపిరి వేగం పెరిగి, కాలేయం కిందికి దిగితే ఆపేయండి. బాగా చిక్కిన బిడ్డకు (మోచేతి పైన కొలత 11.5 సెం.మీ. లోపు) గంటలో కిలోకు 15 మి.లీ. దాటొద్దు. వర్షాకాలం వెళ్లేటప్పుడు వచ్చే డెంగీ షాక్‌లో, బీపీ ఇంకా నిలిచి ఉంటే, గంటకు కిలోకు 10 మి.లీ.తో మొదలుపెట్టి హెమటోక్రిట్ (రక్తం చిక్కదనం) చూస్తూ తగ్గించుకుంటూ రావాలి.

ఆయాసం

ఊపిరిని నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, అంతకు చేరితే వేగంగా ఉన్నట్టు. పిల్లికూతలుంటే సాల్బుటమాల్ నెబ్యులైజర్ ఆక్సిజన్‌తో. కరెంటు పోతే 500 మి.లీ. నీళ్ల సీసా అడుగున ఇన్‌హేలర్ మూతికి సరిపడా రంధ్రం చేస్తే స్పేసర్ అయిపోతుంది. ఊపిరి పీల్చేటప్పుడు కూత వస్తుంటే బిడ్డను తల్లి ఒడిలోనే ఉంచండి, పడుకోబెట్టి గొంతులో కర్ర పెట్టి చూడొద్దు. ఉన్నట్టుండి దగ్గు, ఒక వైపే గాలి తక్కువ అంటే పల్లీ గింజ కోసం ఆలోచించాలి.

పాము, తేలు, సీసాలో పోసిన కిరోసిన్

పాము విషం మందు పిల్లకైనా పెద్దకైనా అదే మోతాదు. పాము కక్కిన విషం బిడ్డ బరువును చూసి తగ్గదు కదా. 10 వైల్స్, కిలోకు 5–10 మి.లీ. సెలైన్‌లో కలిపి గంటలో. అడ్రినలిన్ ముందే సిరంజీలో లాగి పెట్టుకోండి. నేల మీద పడుకున్న బిడ్డ తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ, రెప్పలు వాలుస్తూ వస్తే, కాటు కనిపించకపోయినా కట్లపామే అనుకోండి.

తేలు కుట్టి చేతులు చల్లబడి, చెమటలు పడుతుంటే ప్రాజోసిన్ కిలోకు 30 మైక్రోగ్రాములు నోటి ద్వారా. 1 మి.గ్రా. మాత్రను 10 మి.లీ. నీళ్లలో కరిగిస్తే 10 కిలోల బిడ్డకు 3 మి.లీ. స్టోరులో ఉన్నవి ఎక్స్‌ఎల్ (నెమ్మదిగా కరిగే) మాత్రలేమో చూడండి. అవి నూరడానికి పనికిరావు, మామూలు మాత్రకే ఇండెంట్ పెట్టాలి. మందు ఇచ్చాక బిడ్డను లేపి కూర్చోబెట్టొద్దు, బీపీ పడిపోతుంది.

కిరోసిన్ తాగిన బిడ్డకు కడుపు కడగొద్దు, వాంతి చేయించొద్దు. కడుపులో కన్నా ఊపిరితిత్తుల్లోకి వెళ్తేనే ప్రమాదం. ఆర్గానోఫాస్ఫరస్ జాతి పురుగుమందైతే బట్టలు విప్పి ఒళ్లు కడిగి, అట్రోపిన్ కిలోకు 0.05 మి.గ్రా., ఛాతీ పొడిబారే వరకు ప్రతి 5 నిమిషాలకూ రెట్టింపు చేస్తూ వెళ్లండి. ఒక్క బిడ్డకే పదుల ఆంపూల్స్ పట్టొచ్చు, స్టాక్ ఆ లెక్కన పెట్టుకోండి.

రిఫర్ చేసేటప్పుడు

"హయ్యర్ సెంటర్‌కు రిఫర్డ్" అని రాసి 108 పిలవడం రిఫరల్ కాదు. పంపే ముందు ఫోన్ చేసి పడక ఉందో కనుక్కోండి. విశాఖ కేజీహెచ్ అయినా, హైదరాబాద్ నీలోఫర్ అయినా, మీ జిల్లా ఆసుపత్రి అయినా అవతల ఫోన్ ఎత్తిన డాక్టరు పేరు చీటీ మీద రాయండి. బరువు, వచ్చినప్పటి గుర్తులు, ఇచ్చిన ప్రతి మందు మి.లీ.లో, గంటతో సహా. నరం ప్లాస్టర్‌తో గట్టిగా బిగించి, షుగర్ మళ్లీ చూసి, యాంటీబయోటిక్ మొదటి మోతాదు ఇచ్చి పంపండి. రెండు గంటల ప్రయాణం, నిమిషానికి 5 లీటర్లంటే 600 లీటర్లు. దారిలో టైరు పంక్చరైతే చాలాలి కాబట్టి 900. అంబులెన్స్ సిలిండర్ గేజ్ మీరే వెళ్లి చూడండి. పసికందైతే తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తాకేలా కట్టి పంపండి, టోపీ పెట్టి.

నెలకో పది నిమిషాలు

బొమ్మకు ఒక బరువు రాసిన చీటీ కట్టి, చెప్పకుండా నైట్ డ్యూటీలో తీసుకురండి. నాలుగు సమయాలు రాసుకోండి: బరువు ఎప్పుడు తెలిసింది, ఆక్సిజన్ ఎప్పుడు పెట్టారు, షుగర్ ఎప్పుడు చూశారు, మొదటి మందు ఎప్పుడు పడింది. ఆలస్యమైన చోట మనిషిని కాకుండా వస్తువును వెతకండి: స్ట్రిప్ ఎక్కడుంది, మాస్క్ ఎవరు తీశారు, చార్టులో ఆ వరుస ఎందుకు చెరిగిపోయింది. దొరికిన లోటుకు మర్నాడే ఇండెంట్ రాసి, వచ్చే నెల డ్రిల్‌లో అదే బొమ్మకు అదే బరువు పెట్టి మళ్లీ చూడండి.